ఎన్‌ఎఫ్‌ఎస్ మీద మెయిల్ సర్వర్: నిదానం ఎక్కడ పుడుతుంది?

బరంపురంలో హెడ్డాఫీసు, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో బ్రాంచీలు ఉన్న ఒక జీడిపప్పు వ్యాపార సంస్థను ఊహించుకుందాం. పలాస వ్యాపారులతో ఉత్తరాలు తెలుగులో, జిల్లా ఆఫీసులతో ఒడియాలో, జీఎస్టీ వ్యవహారమంతా ఇంగ్లీషులో నడుస్తుంది. నాలుగైదొందల మెయిల్‌బాక్సులు ఉంటాయి. ఒక్క సర్వర్ పడిపోతే అందరి పనీ ఆగిపోతుందని రెండు మెయిల్ సర్వర్లు పెడతారు. ఉత్తరాలన్నీ ఒక ఉమ్మడి స్టోరేజ్‌లో ఉంచి, రెండు సర్వర్లూ ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా దాన్నే వాడుకునేలా చేస్తారు. వేరే యంత్రం మీది డిస్కుని నెట్‌వర్క్ మీదుగా సొంత ఫోల్డర్‌లా వాడుకునే పద్ధతే ఎన్‌ఎఫ్‌ఎస్. ఆలోచన మంచిదే. కొన్నాళ్లు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది కూడా. మెయిళ్లు పేరుకునేకొద్దీ ఫిర్యాదులు మొదలవుతాయి. ఉదయం పదింటికి ఇన్‌బాక్స్ ఎంతకీ తెరుచుకోదు. చదివేసిన మెయిల్ మళ్లీ చదవనట్టు కనిపిస్తుంది. పక్క సీటు నుంచి ఇప్పుడే పంపానన్న మెయిల్ నిమిషం దాకా రాదు.

ఇలాంటప్పుడు సర్వర్ చూసుకునే కుర్రాడు ముందు చేసేది రీడ్ సైజు, రైట్ సైజు పెంచడం. ఒక్కో విడతలో ఎంత డేటా తెచ్చుకోవాలో, పంపాలో చెప్పే మౌంట్ ఆప్షన్లు అవి, అంటే స్టోరేజ్‌ని మెయిల్ సర్వర్‌కి తగిలించేటప్పుడు ఇచ్చే సెట్టింగులు. నిజానికి ఇప్పటి లైనక్స్‌లో స్టోరేజ్ సర్వర్, దాన్ని వాడుకునే క్లయింటు (ఇక్కడ మెయిల్ సర్వర్) మాట్లాడుకుని వాటిని తామే 1 ఎంబీ వరకు పెట్టుకుంటాయి. వాటిని చేత్తో రాసిపెట్టడం పాత అలవాటు, అంతే. పైగా మెయిల్ విషయంలో అసలు బరువు అక్కడ లేదు.

లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. మామూలు మెయిల్ ఒకటి 40 కేబీ ఉందనుకుందాం. గిగాబిట్ లైను మీద దాన్ని పంపడానికి పట్టేది సుమారు 0.3 మిల్లీసెకను. అదే ఆఫీసు నెట్‌వర్క్‌లో స్టోరేజ్‌ని ఒక చిన్న ప్రశ్న అడిగి జవాబు తెచ్చుకోవడానికి కూడా దాదాపు అంతే పడుతుంది. ఒక మెయిల్ చదవాలంటే ఆ ఫైలు ఎక్కడుందని ఒకసారి, తెరిచే హక్కు ఉందా అని ఒకసారి, దాని సైజు, తేదీ ఏమిటని ఒకసారి, ఇలా నాలుగైదు సార్లు అడిగాకే మెయిల్ వస్తుంది. మెయిల్ కంటే దాని గురించిన విచారణకే ఎక్కువ సమయం పోతుంది. రీడ్ సైజు ఎంత పెంచినా ఈ విచారణలో ఒక్కటీ తగ్గదు.

మెయిల్‌డిర్ పద్ధతిలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. కొత్త మెయిల్ ముందు 'టెంప్' ఫోల్డర్లో తయారవుతుంది, పూర్తయ్యాక 'న్యూ'లోకి, మెయిల్ ప్రోగ్రాం దాన్ని గమనించాక 'కర్' అనే ఫోల్డర్లోకి పేరు మార్చుకుని వెళ్తుంది. చదివేశారు, జవాబిచ్చారు, తొలగించమన్నారు లాంటి గుర్తులన్నీ ఫైలు పేరు చివర అక్షరాలుగా ఉంటాయి. అంటే మెయిల్ చదివినట్టు గుర్తు పెట్టడమంటే ఆ ఫైలు పేరు మార్చడమే. క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ రాసిన డేనియల్ బెర్న్‌స్టీన్ 1990ల మధ్యలో ఈ పద్ధతి తెచ్చింది తాళాలతో, అంటే ఒకరు రాస్తుండగా ఇంకొకరు ఫైలు తాకకుండా ఆపే ఏర్పాటుతో, పని లేకుండా చేయడానికి. అప్పట్లో ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఫైలుకి తాళం వేయడం నమ్మదగ్గ వ్యవహారం కాదు. పాత ఎంబాక్స్ పద్ధతిలో ఫోల్డర్ మొత్తం ఒకే ఫైలు కాబట్టి తాళం తప్పనిసరి. మధ్యలో ఒక్క మెయిల్ తీసేసినా ఆ ఫైలు తిరగరాయాల్సిందే. ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఎంబాక్స్ ఇంకా నడుస్తుంటే ముందు దాన్ని మార్చుకోవాలి, మిగతా సంగతులు తర్వాత.

మెయిల్‌డిర్‌లో తాళాల బాధ తప్పింది కానీ చిన్న ఫైళ్లు లక్షల్లో పేరుకున్నాయి. ఇన్‌బాక్స్‌లో 20,000 మెయిళ్లున్న అకౌంటెంటు ఒకరున్నారనుకుందాం. సర్వర్ రాసుకున్న మెయిళ్ల చిట్టా, అంటే ఇండెక్స్, పాడైపోయి ఒక్కో ఫైలు వివరం విడివిడిగా అడగాల్సి వస్తే, 0.3 మిల్లీసెకన్ల చొప్పున 6 సెకన్లు. చిరాకు తెప్పిస్తుంది కానీ భరించవచ్చు. ఇప్పుడు అదే స్టోరేజ్‌ని రాయగడ బ్రాంచీలోని సర్వర్ వీపీఎన్ మీదుగా మౌంట్ చేసుకుందనుకుందాం. రానూపోనూ 20 మిల్లీసెకన్లు పడితే, 20,000 ప్రశ్నలకి 400 సెకన్లు. దాదాపు ఏడు నిమిషాలు! లైను స్పీడు 100 ఎంబీపీఎస్ ఉన్నా 500 ఉన్నా ఈ లెక్క మారదు. కొండల్లో రోడ్డు పనికి తవ్వి ఫైబర్ తెంపేస్తే ఏమవుతుందన్నది వేరే కథ. బ్రాంచీల దాకా ఎన్‌ఎఫ్‌ఎస్ లాగకూడదు. బ్రాంచీలకి వెళ్లాల్సింది ఐమ్యాప్, అంటే ఫోన్లోనో కంప్యూటర్లోనో ఉన్న మెయిల్ ప్రోగ్రాం సర్వర్‌తో మాట్లాడే పద్ధతి. ఐమ్యాప్ దూరం నుంచి వాడుకోవడానికే పుట్టింది, ఒక్క ప్రశ్నతో వంద మెయిళ్ల శీర్షికలు తెచ్చుకోగలదు. స్టోరేజ్, మెయిల్ సర్వర్లు మాత్రం ఒకే గదిలో, ఒకే స్విచ్ మీద ఉండాలి.

ఈ ప్రశ్నల గోల తగ్గించడానికి ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింటు తనంతట తాను ఒక పని చేస్తుంది. తెలుసుకున్న వివరాలను కాసేపు గుర్తుపెట్టుకుని, మళ్లీ అడగకుండా ఆ పాత జవాబే చెబుతుంది. లైనక్స్‌లో డిఫాల్టుగా ఫైళ్ల వివరాలైతే 3 నుంచి 60 సెకన్లు, డైరెక్టరీలవైతే 30 నుంచి 60 సెకన్లు. మెయిల్ నిమిషం ఆలస్యం కావడానికి కారణం చాలాసార్లు ఇదే. ఒకటో సర్వర్ కొత్త మెయిల్‌ని 'న్యూ' ఫోల్డర్లో వేస్తుంది. రెండో సర్వర్ ఆ ఫోల్డర్ని పది సెకన్ల కిందటే చూసింది కాబట్టి మారలేదనే అనుకుంటుంది. రెండో సర్వర్‌కి కనెక్టయిన మనిషికి మెయిల్ కనబడదు. పైగా కొత్త ఫైలు రాగానే ప్రోగ్రామ్‌ని తట్టిలేపే ఇనోటిఫై అనే కెర్నెల్ సదుపాయం ఎన్‌ఎఫ్‌ఎస్ మీద వేరే యంత్రం చేసిన మార్పుల్ని పట్టుకోలేదు. ఫోన్లో మెయిల్ 'టింగు'మని రావాలంటే సర్వర్ తానే మధ్యమధ్య వెళ్లి చూసుకోవాలి. ఐమ్యాప్ సర్వర్‌గా ఎక్కువగా వాడే డవ్‌కాట్ అయితే మామూలుగా 30 సెకన్లకోసారి చూస్తుంది.

ఇక్కడే అసలు ప్రమాదం మొదలవుతుంది. ఆలస్యం పోవాలని కొందరు 'నోఏసీ' అనే ఆప్షన్ పెడతారు. ఏమీ గుర్తుపెట్టుకోవద్దు, ప్రతిసారీ వెళ్లి అడుగు అని దాని అర్థం. అంతటితో ఆగదు, రాసే ప్రతిదీ అప్పటికప్పుడు స్టోరేజ్‌కి చేరాలన్న నియమం కూడా దాంతోపాటే వస్తుంది. ఉన్న ప్రశ్నలు ఎన్నో రెట్లు పెరుగుతాయి, మధ్యాహ్నానికి స్టోరేజ్ మూలుగుతుంది. సమస్య పోయిందా అంటే అదీ లేదు. రెండు సర్వర్లు ఒకే క్షణంలో ఒకే ఇండెక్స్ ఫైల్లో రాయబోతే నోఏసీ ఆపలేదు. ఇండెక్స్ పాడైందన్న ఫిర్యాదు సర్వర్ రాసుకునే లాగ్ ఫైల్లో కనబడుతుంది, సర్వర్ దాన్ని మళ్లీ కట్టుకుంటుంది, కట్టుకోవడానికి ఇంకో 20,000 ప్రశ్నలు అడుగుతుంది. నిదానానికి వేసిన మందే నిదానాన్ని పెంచింది.

ఈ చిక్కుకి సరైన విరుగుడు మౌంట్ ఆప్షన్లలో లేదు. ఒక మనిషి మెయిల్‌బాక్స్‌ని ఎప్పుడూ ఒకే సర్వర్ తాకేలా చూడటమే విరుగుడు. ముందు ఒక ప్రాక్సీ (వచ్చినవాళ్లని సరైన సర్వర్‌కి పంపే మధ్యవర్తి) పెట్టి, పర్లాకిమిడి స్టాఫ్ అంతా ఒకటో సర్వర్‌కి, రాయగడ వాళ్లు రెండో సర్వర్‌కి అని పంచేస్తే చాలు. ఫోన్ నుంచి వచ్చినా, కంప్యూటర్ నుంచి వచ్చినా, బయటి నుంచి కొత్త మెయిల్ వచ్చినా ఆ మనిషి పని ఆ సర్వర్‌కే పోవాలి. చివరిది చాలామంది మరిచిపోతారు. ఐమ్యాప్‌ని పంచుతారు, డెలివరీని మాత్రం ఏ సర్వర్ ఖాళీగా ఉంటే దానికి వదిలేస్తారు. డెలివరీ కూడా ఎల్‌ఎమ్‌టీపీ (వచ్చిన మెయిల్‌ని మెయిల్‌బాక్స్ ఉన్న సర్వర్‌కి అందించే పద్ధతి) ద్వారా అదే ప్రాక్సీ మీదుగా వెళ్తేనే ఫలితం. డవ్‌కాట్‌లో ఈ పంపకం కోసమే డైరెక్టర్ అనే భాగం ఉండేది. 2025లో వచ్చిన 2.4 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. ఇప్పుడు యూజర్ల పట్టికలోనే ఎవరు ఏ సర్వరో రాసి, ప్రాక్సీ దాన్ని చూసి పంపేలా పెట్టుకోవచ్చు. నాలుగైదొందల మందికి ఇది ధారాళంగా సరిపోతుంది.

ఇలా పంచాక గుర్తుపెట్టుకునే గడువులు మళ్లీ మన పక్షానికి వస్తాయి. ఆ మెయిల్‌బాక్స్‌ని వేరే ఎవరూ మార్చడం లేదు కాబట్టి పాత జవాబు తప్పయ్యే అవకాశం దాదాపు లేదు. నోఏసీ తీసేయవచ్చు, గడువులు డిఫాల్టుకే వదిలేయవచ్చు. మొదటి ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పోతాయి.

దీంతో ఇంకో లాభం ఉంది. ఇండెక్స్ ఫైళ్లని ఎన్‌ఎఫ్‌ఎస్ మీద నుంచి తీసి మెయిల్ సర్వర్ సొంత ఎస్‌ఎస్‌డీ మీద పెట్టుకోవచ్చు. రోజంతా తిరగరాసేది వాటినే. మెయిళ్లు ఉమ్మడి స్టోరేజ్‌లో ఉంటాయి, వాటి చిట్టా మాత్రం లోకల్‌గా ఉంటుంది. ఇన్‌బాక్స్ తెరవగానే శీర్షికలు, తేదీలు, సైజులు లోకల్ డిస్కు నుంచే వస్తాయి, నిజంగా మెయిల్ చదివినప్పుడే ఎన్‌ఎఫ్‌ఎస్‌కి పని. ఒక సర్వర్ పడిపోయి మనుషులంతా రెండోదాని మీదకి వస్తే అక్కడ ఇండెక్స్ ఉండదు, కొత్తగా కట్టుకుంటుంది. ఆ పూట నిదానంగానే ఉంటుంది. కానీ మెయిల్‌డిర్‌లో చదివిన గుర్తులు ఫైలు పేర్లలోనే ఉంటాయి కాబట్టి పోయేదేమీ లేదు. డవ్‌కాట్ ఫైలు పేరులోనే సైజు కూడా రాసుకుంటుంది, అందువల్ల తిరిగి కట్టేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న తప్పుతుంది. మెయిల్‌డిర్ బదులు డవ్‌కాట్ సొంత పద్ధతి డీబాక్స్ వాడేవాళ్లు మాత్రం ఈ పని చేయకూడదు. అందులో గుర్తులు ఇండెక్స్‌లోనే ఉంటాయి. ఇండెక్స్ పోతే ఐదేళ్ల మెయిలంతా ఒక్కసారిగా చదవనట్టు కనిపిస్తుంది.

స్టోరేజ్ వైపు చేయాల్సినవి తక్కువే. స్టోరేజ్ సర్వర్లో ఒకేసారి వచ్చే ప్రశ్నలకి జవాబిచ్చే ఎన్‌ఎఫ్‌ఎస్ థ్రెడ్లు చాలాకాలం డిఫాల్టుగా 8 ఉండేవి. వందల మంది మెయిల్‌కి అది చాలదు, 32కో 64కో పెంచాలి. ఫైలు చదివిన ప్రతిసారీ చదివిన టైము నమోదు చేసే అలవాటు ఆపాలి, కానీ అది స్టోరేజ్ మీది ఫైల్ సిస్టంలో ఆపాలి. మెయిల్ సర్వర్ వైపు ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్‌కి 'నోఏటైమ్' రాసి మురిసిపోయేవాళ్లున్నారు, ఎన్‌ఎఫ్‌ఎస్‌లో దానివల్ల ఒరిగేది లేదు. ఒకే మౌంట్‌కి ఎక్కువ కనెక్షన్లు ఇచ్చే ఎన్‌కనెక్ట్, 9000 బైట్ల జంబో ఫ్రేములు పెద్ద ఫైళ్లకి పనికొస్తాయి, మెయిల్‌కి వాటివల్ల మేలు అంతంతమాత్రం. అన్ని యంత్రాల గడియారాలూ క్రోనీ అనే ప్రోగ్రామ్‌తో ఒకటిగా ఉండాలి, మెయిల్ ఫైళ్లకి యజమాని అయిన యూజర్ నంబరు అన్ని సర్వర్లలో ఒకటే ఉండాలి. ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 4లో రెండు వైపులా డొమైన్ పేరు కలవకపోతే ఫైళ్లన్నీ 'నోబడీ' పేరున కనిపించి కంగారు పెడతాయి.

కరెంటు సంగతికి వస్తే అంత తేలిగ్గా దాటిపోలేం. స్టోరేజ్ సర్వర్లో 'ఎసింక్' అనే ఎక్స్‌పోర్ట్ ఆప్షన్ (ఫోల్డర్ని వేరే యంత్రాలకి ఇచ్చేటప్పుడు పెట్టే సెట్టింగు) ఒకటుంది. అది పెడితే రాసే పని ఒక్కసారిగా పరుగందుకుంటుంది, పెట్టినవాడు హీరో అవుతాడు. ఎందుకంటే డేటా డిస్కు మీద పడకముందే, మెమరీలో ఉండగానే, రాసేశానని స్టోరేజ్ జవాబు చెప్పేస్తుంది. మెయిల్ సర్వర్ ఆ మాట నమ్మి, అప్పటిదాకా తన క్యూలో దాచుకున్న కాపీ చెరిపేస్తుంది. క్యూలోకి తీసుకున్నప్పుడే పంపినవాళ్ల సర్వర్‌కి '250 ఓకే', అంటే అందింది అనేసింది. సర్వర్ల మధ్య మెయిల్ నడిచే ఎస్‌ఎమ్‌టీపీ నియమం ప్రకారం ఆ క్షణం నుంచి మెయిల్ బాధ్యత పూర్తిగా తీసుకున్నవాళ్లదే, పంపినవాళ్లు తమ కాపీ చెరిపేసుకుంటారు. డేటా ఇంకా మెమరీలోనే ఉన్న ఆ కాసేపట్లో స్టోరేజ్‌కి కరెంటు పోతే ఆ మెయిల్ ఈ లోకంలో ఎక్కడా ఉండదు. లాగులో డెలివరీ అయినట్టే ఉంటుంది, మెయిల్‌బాక్స్‌లో మాత్రం ఖాళీ ఫైలో, అసలేమీ లేకపోవడమో కనబడుతుంది. వేసవి ఈదురుగాలులకే లైన్లు తెగే జిల్లాల్లో ఇది జూదం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు గంజాం జిల్లాలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను కూడా అతలాకుతలం చేసింది. యూపీఎస్ ఉంది కదా అనే ధైర్యం బ్యాటరీలు కొత్తగా ఉన్నంతవరకే.

అందుకే ఎక్స్‌పోర్ట్ 'సింక్'లోనే ఉండాలి, డవ్‌కాట్‌లో ఎఫ్‌సింక్ (రాసింది డిస్కుకి చేరేదాకా ఆగమనే సెట్టింగు) 'ఆల్వేస్' అని ఉండాలి. దానివల్ల వచ్చే నిదానాన్ని సామానుతో తీర్చుకోవాలి. డిస్కుల్ని నడిపే, బ్యాటరీ ఉన్న రెయిడ్ కార్డో, కరెంటు పోయినా లోపలి డేటాని కాపాడుకునే కెపాసిటర్లున్న సర్వర్ తరగతి ఎస్‌ఎస్‌డీయో పెడితే సింక్ మోడ్‌లోనే చాలా వేగం వస్తుంది. ఇంట్లో వాడే మామూలు ఎస్‌ఎస్‌డీకీ దీనికీ ధరలో తేడా ఉంది. ఆ తేడా చూసి ఆగిపోయి, ఉచితంగా వచ్చే ఎసింక్ పెట్టుకోవడం సంస్థలకి తెలియకుండానే జరిగిపోయే బేరం. కనీసం యజమానికి చెప్పి చేయాలి.

మౌంట్ 'హార్డ్'గా ఉండాలా 'సాఫ్ట్'గా ఉండాలా అన్నదాంట్లో పెద్ద చర్చ అక్కర్లేదు. సాఫ్ట్ అయితే స్టోరేజ్ కాసేపు పలకకపోతే ప్రోగ్రామ్‌కి ఎర్రర్ ఇచ్చేస్తుంది, సగం రాసిన ఫైలు సగంలోనే మిగిలిపోవచ్చు. మెయిల్‌కి హార్డే, అది స్టోరేజ్ పలికేదాకా ఆగి చూస్తుంది. కానీ హార్డ్ పెట్టినప్పుడు కనిపించే దృశ్యం ఒకటి ముందే తెలిసి ఉండాలి. స్టోరేజ్ ఆగితే లోడ్ యావరేజ్ (పని మీదో, జవాబు కోసమో ఉన్న ప్రాసెస్‌ల సగటు) 200 కూడా దాటవచ్చు, సీపీయూ మాత్రం రెండు శాతం దగ్గర ఖాళీగా ఉంటుంది. ప్రాసెస్‌లన్నీ 'డీ' స్థితిలో, అంటే స్టోరేజ్ జవాబు కోసం కదలకుండా, నిలబడి ఉంటాయి, మామూలు కిల్‌కి వాటికి చావు రాదు. కెర్నెల్ లాగులో సర్వర్ పలకడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాం అనే వాక్యం కనిపిస్తుంది. అది చూసి మెయిల్ సర్వర్ని రీబూట్ చేయడం దండగ, చూడాల్సింది స్టోరేజ్‌ని.

ఏది తప్పో తేల్చుకోవడానికి ఎన్‌ఎఫ్‌ఎస్ ఐఓస్టాట్ అనే పనిముట్టు ఉంది. అందులో రెండు అంకెలు పక్కపక్కన చూడాలి. ఒకటి ప్రశ్న లైన్లోకి వెళ్లిన దగ్గర్నుంచి జవాబు వచ్చేదాకా పట్టిన సమయం. రెండోది ప్రోగ్రామ్ అడిగిన దగ్గర్నుంచి మొత్తం పూర్తయ్యేదాకా పట్టింది. మొదటిదే పెద్దగా ఉంటే నెట్‌వర్క్ లేదా డిస్కు తప్పు. మొదటిది చిన్నదిగా ఉండి రెండోది ఎంతో ఎక్కువగా ఉంటే ప్రశ్నలు మెయిల్ సర్వర్లోనే క్యూ కడుతున్నాయని అర్థం. దాంతోపాటు ఏ రకం ప్రశ్నలు ఎన్నో ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్‌లో చూస్తే, చదవడం, రాయడం కంటే వివరాలు అడిగేవే ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడతాయి. ఉదయం పదింటికి ఆ అంకె ఎందుకు ఎగిరిందని వెతుక్కుంటూ వెళ్తే ఒక్కోసారి నిందితుడు మెయిలే కాదు, రాత్రి మొదలై ఇంకా పూర్తికాని బ్యాకప్. ఫైళ్లు నకలు తీసే ఆర్‌సింక్ ఎన్‌ఎఫ్‌ఎస్ మీదుగా లక్షల ఫైళ్లని ఒక్కొక్కటిగా పలకరిస్తూ ఉంటుంది. బ్యాకప్ స్టోరేజ్ యంత్రం మీదే, స్నాప్‌షాట్ (ఒక క్షణంలో డిస్కు ఉన్న స్థితి) నుంచి తీయాలి.

ఫోల్డర్ల సంఖ్య కూడా పట్టించుకోవాల్సిందే. మెయిల్‌డిర్‌లో ప్రతి ఫోల్డర్‌కీ 'టెంప్', 'న్యూ', 'కర్' విడిగా ఉంటాయి. ఒక గుమాస్తా 40 ఫోల్డర్లు పెట్టుకుంటే, ఫోన్ వాటన్నిటిలో కొత్త మెయిల్ ఉందా అని చూసిన ప్రతిసారీ 'న్యూ', 'కర్' కలిపి 80 డైరెక్టరీలు చూడాలి. ఫోల్డర్ల చిట్టాని డవ్‌కాట్ ఇండెక్స్‌లోనే ఉంచుకునేలా చేస్తే ఈ తిరుగుడు తగ్గుతుంది. మన వాళ్లకి ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. ఈ పద్ధతిలో ఫోల్డర్ పేర్లలో చుక్క అంటే కొత్త అంచె. ఎవరైనా ముచ్చటపడి 'జి.ఎస్.టి' అని తెలుగులో ఫోల్డర్ చేసుకుంటే 'జి' లోపల 'ఎస్', దాని లోపల 'టి' తయారవుతాయి, లేదంటే సెట్టింగుని బట్టి సర్వర్ ఒప్పుకోదు. తెలుగు అక్షరాలతో ఇబ్బంది లేదు, అవి డిస్కు మీద భద్రంగానే ఉంటాయి. చుక్కలు లేకుండా 'జీఎస్టీ' అని రాసుకోమంటే సరిపోతుంది.

బయటి మెయిల్ తీసుకునే ప్రోగ్రాం పోస్ట్‌ఫిక్స్. దాని క్యూ మాత్రం ఎన్‌ఎఫ్‌ఎస్ మీద పెట్టకూడదు, ప్రతి మెయిల్ సర్వర్‌కీ దాని సొంత డిస్కు మీదే ఉండాలి. ఉమ్మడి స్టోరేజ్ పలకని గంటల్లో బయటి నుంచి వచ్చిన మెయిల్ ఆగి ఉండేది అక్కడే. డిఫాల్టుగా పోస్ట్‌ఫిక్స్ 5 రోజులు దాచి, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. సర్వర్ గదే చీకట్లో ఉంటే బయటి సర్వర్లు కూడా మామూలుగా నాలుగైదు రోజులు ప్రయత్నిస్తూనే ఉంటాయి. ఐదు రోజుల మెయిల్ పట్టేంత ఖాళీ క్యూ డిస్కులో ఉందా లేదా అన్నది అక్టోబరు రాకముందే చూసుకోవాలి.

కరెంటు వచ్చాక ముందు స్టోరేజ్ లేవాలి, అది పూర్తిగా లేచాకే మెయిల్ సర్వర్లు. వెర్షన్ 4లో స్టోరేజ్ లేచిన తర్వాత మామూలుగా 90 సెకన్ల గ్రేస్ గడువు ఉంటుంది. పాత క్లయింట్లు తమ తాళాలు తిరిగి అడిగి తీసుకునే సమయం అది. అప్పటిదాకా కొత్తగా ఫైలు తెరవడం కూడా ఆగిపోవచ్చు. మెయిల్ ఇంకా రాలేదేమని బ్రాంచీల నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చేది సరిగ్గా అప్పుడే. ఆ టెన్షన్‌లో స్టోరేజ్‌ని ఇంకోసారి రీస్టార్ట్ చేస్తే 90 సెకన్లు మళ్లీ మొదటి నుంచి లెక్క.